పర్సనల్ బ్లాగ్ కి విజిటర్ ట్రాకింగ్: ఏది పెట్టుకోవాలి, ఏది నమ్మాలి?

రాతకోతలు:
అందరికీ నమస్కారం. నాది బ్లాగర్ లో చిన్న బ్లాగు, కథలు రాస్తుంటా, అప్పుడప్పుడు చదివిన పుస్తకాల మీద నాలుగు ముక్కలు. నా గోల ఏంటంటే బ్లాగర్ వాళ్ళ స్టాట్స్ చూస్తే రోజూ వందల్లో వ్యూస్ కనిపిస్తాయి, ఎవరో చెప్పారని గూగుల్ అనలిటిక్స్ పెట్టా, అందులో చూస్తే పదుల్లో కూడా లేరు, సైడ్ బార్ లో ఒక కౌంటర్ విడ్జెట్ ఉంది అది ఈ రెండిటికీ మధ్యలో ఇంకేదో అంకె చూపిస్తుంది. ఏది నమ్మాలి? అసలు పర్సనల్ బ్లాగ్ కి ఏ టూల్ సరిపోతుంది? ఫ్రీ అయితే మేలు. ఇంకో విషయం, రాత్రి బాగా పొద్దుపోయాక ఒకే ఊరి నుంచి ఎవరో వచ్చి నా పాత కథలన్నీ వరసపెట్టి తిరగేస్తున్నారు, వాళ్ళెవరో తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?

తీరికలేదు:
జీఏ4 (గూగుల్ అనలిటిక్స్ ఇప్పటి వెర్షన్) ఉంచుకుని మిగతావన్నీ పీకేయ్ బ్రో. అందరూ వాడేది అదే. దీనికింత ఆలోచన ఎందుకు.

పాతకాపు:
ఆగండి, ఆయన అడిగింది ఏది పెట్టాలి అని ఒక్కటే కాదు కదా, మూడు అంకెలు ఎందుకు కలవట్లేదు అని కూడా. అది తేలకుండా ఏ టూల్ పెట్టినా మళ్ళీ ఇదే ప్రశ్నతో వస్తారు.

రాతకోతలు గారూ, మీ మూడు లెక్కలూ మూడు వేరే చోట్ల నిలబడి లెక్కపెడుతున్నాయి. బ్లాగర్ స్టాట్స్ అన్నది సర్వర్ వాళ్ళదే కాబట్టి పేజీ అడిగిన ప్రతివాడూ దాని కంట్లో పడతాడు, అందులో మనుషులుంటారు, సెర్చ్ ఇంజన్ల బాట్లుంటాయి (మనిషి లేకుండా తమంతట తామే పేజీలు తెరిచే ప్రోగ్రాములు), సైట్లన్నీ నమిలి మింగే రకరకాల క్రాలర్లుంటాయి. ఈ మధ్య ఏఐ కంపెనీల బాట్లు కూడా తోడయ్యాయి, చాట్‌జీపీటీ కంపెనీ వాళ్ళ జీపీటీబాట్ పేరు 2023లో బయటికొచ్చింది, ఆ తర్వాత ఇంకా చాలా వచ్చాయి. అనలిటిక్స్ అలా కాదు, పేజీ తెరుచుకున్నాక చదివేవాడి బ్రౌజర్ లో జావాస్క్రిప్ట్ నడిస్తేనే అక్కడికి కబురు వెళ్తుంది. సాదా బాట్లు స్క్రిప్ట్ నడపవు కాబట్టి అవి రాలిపోతాయి, తెలిసిన బాట్లని జీఏ4 తనంతట తానే ఏరేస్తుంది కూడా. కానీ యూబ్లాక్ ఆరిజిన్ లాంటి యాడ్ బ్లాకర్ పెట్టుకున్నవాళ్ళు, బ్రేవ్ బ్రౌజర్ వాడేవాళ్ళు నిజం మనుషులైనా అందులో పడరు. అంటే మొదటిది ఎక్కువ చెప్తుంది, రెండోది తక్కువ చెప్తుంది, మీ అసలు పాఠకుల సంఖ్య ఆ మధ్యలో ఎక్కడో ఉంటుంది. కచ్చితమైన అంకె ఎవరి దగ్గరా ఉండదు, ఉందని చెప్పేవాడిని నమ్మకండి.

నేను చేసేది ఒకటే, ఏదో ఒక టూల్ పట్టుకుని అదే అంకెని దానితోనే పోల్చుకుంటా. ఈ నెల పోయిన నెల కంటే పెరిగిందా తగ్గిందా, ఏ పోస్టు దగ్గర జనం ఆగుతున్నారు, అంతే. రెండు టూల్స్ అంకెలు పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే రాయడం మానేసి లెక్కలు చూసుకోవడమే అవుతుంది.

పిట్టగూడు:
పాతకాపు గారు చెప్పింది కరెక్టే. ఆ సైడ్ బార్ కౌంటర్ మాత్రం ముందు తీసేయండి ప్లీజ్. నా పాత బ్లాగులో ఇలాంటిదే ఒక ఫ్రీ విడ్జెట్ ఉండేది, కొన్నాళ్ళు బుద్ధిగానే ఉంది, తర్వాత ఫోన్ లో బ్లాగు తెరిచినవాళ్ళని ఎక్కడో యాడ్ పేజీకి తోసేయడం మొదలెట్టింది. నేను కంప్యూటర్ లోనే చూస్తా కాబట్టి నాకు కనపడలేదు, చదివేవాళ్ళు చెప్తే తెలిసింది. బయటివాళ్ళ స్క్రిప్ట్ మన పేజీలో పెట్టామంటే ఇంటి తాళం వాళ్ళ చేతిలో పెట్టినట్టే, రేపు ఆ కంపెనీ ఇంకెవరి చేతికైనా పోతే ఆ స్క్రిప్ట్ లో ఏం మారుతుందో మనకి తెలీదు.

నాదిప్పుడు సొంత హోస్టింగ్ లో వర్డ్‌ప్రెస్. ఒక డౌట్, పోస్ట్ వ్యూస్ చూపించే ప్లగిన్ పెట్టా, బాగానే ఉండేది, కానీ పేజీలు త్వరగా తెరుచుకోవాలని క్యాష్ ప్లగిన్ వేసిన దగ్గర్నుంచి వ్యూస్ దాదాపు ఆగిపోయాయి. జనం రావట్లేదా లేక లెక్క పడట్లేదా?

నిశాచరి:
లెక్క పడట్లేదు. మీ ప్లగిన్ సర్వర్ లో పీహెచ్‌పీ (పేజీని తయారుచేసే ప్రోగ్రాము) నడిచినప్పుడు ఒకటి కలుపుతుంది, క్యాష్ వచ్చాక పేజీ ముందే తయారుచేసి పెట్టిన కాపీ నుంచి వెళ్ళిపోతోంది, పీహెచ్‌పీ దాకా విషయం రావట్లేదు. ప్లగిన్ సెటింగ్స్ లో జావాస్క్రిప్ట్ ద్వారానో అజాక్స్ ద్వారానో లెక్కపెట్టే ఆప్షన్ ఉంటుంది, దానికి మార్చండి. మార్చాక క్యాష్ ఒకసారి ఖాళీ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే పాత కాపీలే తిరుగుతుంటాయి.

సొంత హోస్టింగ్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. మీ దగ్గర సర్వర్ లాగ్ (పేజీ అడిగిన ప్రతిసారీ సర్వర్ ఒక లైను రాసుకునే ఫైలు) ఆల్రెడీ ఉంది, దానికి ఏ టూలూ పెట్టక్కర్లేదు. హోస్టింగ్ ప్యానెల్ లో ఏడబ్ల్యూస్టాట్స్ అని ఒకటి చాలామందికి ముందే వేసి ఉంటుంది, లేదంటే లాగ్ ఫైల్ దింపుకుని గోయాక్సెస్ తో తెరవండి. ఒక్క లైన్ చదివితేనే ఎంత తెలుస్తుందో చూడండి: మొదట ఐపీ అడ్రసు (నెట్ లో వాళ్ళ కనెక్షన్ నంబరు), తర్వాత తేదీ టైము, ఏ పేజీ అడిగారు, సర్వర్ ఏం జవాబిచ్చింది (200 అంటే ఇచ్చింది, 404 అంటే అలాంటి పేజీ లేదు), ఎన్ని బైట్లు, ఎక్కడి నుంచి వచ్చారు, ఆఖర్న బ్రౌజర్ పేరు. నా లాగ్ లో 66.249 తో మొదలయ్యే లైన్లు బోలెడు, అది గూగుల్‌బాట్. గూగుల్‌బాట్ అని పేరు పెట్టుకుని వేరే ఐపీ నుంచి వచ్చే దొంగలు కూడా ఉంటారు, ఆ ఐపీకి రివర్స్ డీఎన్ఎస్ (ఆ ఐపీ ఏ పేరు మీద ఉందో) చూస్తే దొరికిపోతారు.

నాకు అందులో ఇష్టమైన లైన్ ఫీడ్లీది, అది బ్లాగుల కొత్త పోస్టులన్నీ ఒకేచోట చూపించే ఫీడ్ రీడర్. ఆర్ఎస్ఎస్ ఫీడ్ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు తన పేరు పక్కనే మీకు ఎంతమంది సబ్‌స్క్రైబర్లున్నారో రాసి పోతుంది. ఫీడ్ లోనే చదివేసే వాళ్ళు జావాస్క్రిప్ట్ టూల్ దేనికీ కనపడరు, వాళ్ళ ఆనవాలు ఇక్కడే. 404 లైన్లు కూడా చూడండి, బయట ఎవరో మీ పోస్టుకి తప్పు లింకు ఇచ్చి ఉంటే అక్కడ బయటపడుతుంది.

పిట్టగూడు:
ఆప్షన్ దొరికింది, మార్చా, లెక్క పడుతోంది. థాంక్స్ అండీ.

కుకీలొద్దు:
ఇంతమంది రాశారు గానీ చదివేవాడి వైపు నుంచి ఒక్కరూ మాట్లాడలేదు. కథలు చదువుకోవడానికి వచ్చిన మనిషి బ్రౌజర్ లో రెండేళ్ళ దాకా ఉండే కుకీ (మళ్ళీ వస్తే గుర్తుపట్టడానికి పెట్టే చిన్న ఆనవాలు) పెట్టాల్సిన అవసరం ఒక పర్సనల్ బ్లాగుకి ఏముంది? జీఏ కుకీ డిఫాల్ట్ గడువు అంతే. అది కూడా అన్నిచోట్లా పనిచేయదు, సఫారీ 2019 నుంచి స్క్రిప్ట్ పెట్టిన కుకీల్ని ఏడు రోజులకే తుడిచేస్తోంది, అందుకే ఐఫోన్ వాడే మీ పాత పాఠకుడు వారం దాటి వస్తే కొత్తవాడైపోతాడు.

కుకీ లేకుండా లెక్కపెట్టేవి చాలానే ఉన్నాయి. గోట్‌కౌంటర్ పర్సనల్ వాడకానికి ఫ్రీ, ఒక్క లైను స్క్రిప్ట్ పేజీలో వేస్తే చాలు. ప్లాసిబుల్ బాగుంటుంది కానీ వాళ్ళ సర్వర్ మీద అయితే డబ్బు కట్టాలి, సొంతంగా నడుపుకునేవాళ్ళకి ఓపెన్ సోర్స్ వెర్షన్ ఉంది. ఉమామీకి కూడా ఓపెన్ సోర్స్ వెర్షన్ ఉంది. క్లౌడ్‌ఫ్లేర్ వెబ్ అనలిటిక్స్ ఫ్రీ. ప్లాసిబుల్ చేసే పని ఏంటంటే ఐపీని, బ్రౌజర్ పేరుని, సైటు పేరుని, రోజుకొకసారి మారే ఒక రహస్య సంఖ్యని కలిపి హ్యాష్ చేస్తుంది, అంటే వెనక్కి విప్పలేని ఒక కోడ్ గా మారుస్తుంది. ఆ రోజుకి మీరు ఒకే మనిషి అని తెలుస్తుంది, మర్నాడు ఆ సంఖ్య పారేస్తారు కాబట్టి నిన్నటి మనిషీ ఇవాళ్టి మనిషీ ఒకరేనా అన్నది వాళ్ళకే తెలీదు. దీనికి నష్టం ఉంది, దాచను. రోజూ వచ్చే ఒక్క పాఠకుడు నెలాఖరు లెక్కలో ముప్ఫై మంది అవుతాడు. నెల మొత్తానికి యూనిక్ విజిటర్స్ ఎంత అన్నది ఇలాంటి టూల్స్ లో అడక్కండి, రోజు లెక్క చూసుకోండి.

తీరికలేదు:
ప్రైవసీ ప్రైవసీ అంటారు, ఆ చదివేవాళ్ళంతా ఫోన్ లో ఎన్ని యాప్ లకి ఎన్ని పర్మిషన్లు ఇచ్చారో చూడండి ముందు. నా కథల బ్లాగు దగ్గరికొచ్చేసరికే అందరికీ ప్రైవసీ గుర్తొస్తుందా?

కుకీలొద్దు:
వాళ్ళు ఎవరికో ఇచ్చారని మనమూ తీసుకోవాలా? మనకి ఆ డేటాతో పనే లేదు, అది నా పాయింటు. 2022లో ఆస్ట్రియా, ఆ వెంటనే ఫ్రాన్స్ డేటా రక్షణ సంస్థలు గూగుల్ అనలిటిక్స్ వాడుతున్న సైట్ల కేసుల్లో ఇది జీడీపీఆర్ (యూరప్ డేటా రక్షణ చట్టం) కి విరుద్ధం అని తేల్చాయి, డేటా అమెరికా పోతోందన్నది అక్కడ గొడవ. 2023 జూలైలో యూరప్, అమెరికాల మధ్య కొత్త ఒప్పందం వచ్చాక ఆ వేడి తగ్గింది, సరే. కానీ యూరప్ లో పాఠకులుంటే కుకీ పెట్టేముందు అడగాలి అన్న రూలు అలాగే ఉంది. బ్లాగర్ వాళ్ళు యూరప్ వాళ్ళకి ఒక కుకీ నోటీసు తామే చూపిస్తారు, మీరు అదనంగా తగిలించిన స్క్రిప్టుల బాధ్యత మాత్రం మీదే.

తీరికలేదు:
ఓకే ఓకే, నాది యాడ్స్ ఉన్న బ్లాగు, నాకు జీఏ4 కావాలి. ఆయనకి అక్కర్లేదేమో, ఒప్పుకుంటా.

పాతకాపు:
జీఏ4 ఉంచుకునేవాళ్ళు రెండు పనులు ఇవాళే చేయండి. ఒకటి, అడ్మిన్ లో డేటా రిటెన్షన్ అని ఉంటుంది, డిఫాల్ట్ గా రెండు నెలలే, దాన్ని 14 నెలలకి మార్చండి. మామూలు రిపోర్టులకి దీంతో పనిలేదు గానీ ఎక్స్‌ప్లోర్ (సొంతంగా రిపోర్టులు తయారుచేసుకునే చోటు) లో వెనక్కి వెళ్ళి తవ్వుకోవాలంటే అప్పుడు తెలుస్తుంది బాధ. రెండోది, నెట్ లో దొరికే పాత ట్యుటోరియల్స్ చూసి యూఏ తో మొదలయ్యే ఐడీ కోసం వెతక్కండి, అది అనలిటిక్స్ పాత వెర్షన్ ది, 2023 జూలై 1 నుంచే డేటా తీసుకోవడం ఆపేసింది, ఏడాది తర్వాత పాత రిపోర్టులు కూడా ఎత్తేశారు. ఇప్పుడు జీ అక్షరంతో మొదలయ్యే ఐడీ కావాలి.

బౌన్స్ రేట్ గురించి కూడా ఒక ముక్క. పాత దాంట్లో ఒక్క పేజీ చదివి వెళ్ళిపోతే ఎంతసేపు చదివినా బౌన్సే, టైము సున్నా, ఎందుకంటే రెండో పేజీ తెరిస్తేనే మొదటిదాని టైము లెక్కకట్టగలిగేది. పావుగంట కూర్చుని మీ కథ పూర్తిగా చదివినవాడు కూడా సున్నా సెకన్లు. జీఏ4 లో పది సెకన్లకి మించి ఉంటే, లేదా రెండు పేజీలు చూస్తే, ఎంగేజ్డ్ సెషన్ కింద వేస్తారు. కథలు రాసేవాళ్ళకి ఇది కాస్త న్యాయం. అయినా పది సెకన్లలో ఎవరు ఏం చదువుతారు, అది వేరే సంగతి.

రాతకోతలు:
అందరికీ చాలా థాంక్స్, కౌంటర్ విడ్జెట్ తీసేశా. అయితే కొత్త తలనొప్పి, అనలిటిక్స్ ని బ్లాగర్ సెటింగ్స్ లో మెజర్‌మెంట్ ఐడీ వేసే చోట పెట్టమని ఎక్కడో చదివి నిన్న పెట్టా, అప్పట్నుంచి వ్యూస్ ఒక్కసారిగా రెట్టింపు. సంతోషించాలా? నేనే ఒక పేజీ తెరిచి రియల్‌టైమ్ లో చూస్తే పేజ్ వ్యూ రెండు పడుతోంది.

నిశాచరి:
సంతోషం వాయిదా వేయండి. ఇంతకుముందు స్క్రిప్ట్ ఎక్కడ పెట్టారు, థీమ్ హెచ్‌టీఎంఎల్ లోనేనా? అయితే అదీ ఇదీ రెండూ కబురు పంపుతున్నాయి. థీమ్ లోకి వెళ్ళి జీట్యాగ్ (gtag) అని వెతికి ఆ ముక్క తీసేయండి, సెటింగ్స్ లోది ఉంచండి. వర్డ్‌ప్రెస్ వాళ్ళకి కూడా ఇదే రోగం, థీమ్ లో ఒకటి ప్లగిన్ లో ఒకటి. ఉన్నట్టుండి బౌన్స్ రేట్ పాతాళానికి పడిపోయిందంటే మీ రాతలు బాగుపడ్డాయని కాదు, ట్యాగ్ రెండుసార్లు ఉందని.

రాతకోతలు:
అదే. తీసేశా. మళ్ళీ పాత పదుల్లోకి వచ్చేశాం :)

గడ్డిపువ్వు:
నేను ఇవన్నీ తీసేసి గూగుల్ వాళ్ళ సెర్చ్ కన్సోల్ ఒక్కటే ఉంచుకున్నా, రాసేవాళ్ళకి దానికి మించింది లేదని నా అభిప్రాయం. అది పేజీలో ఏ స్క్రిప్టూ పెట్టదు, గూగుల్ లో ఏం వెతికితే మన పోస్టు కనిపించింది, ఎంతమంది నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది, 16 నెలల వెనక దాకా చూపిస్తుంది. అనలిటిక్స్ లో ఈ వెతికిన మాటలు ఎప్పుడో కనపడ్డం మానేశాయి కదా, 2011 నుంచి గూగుల్ వాటిని దాచడం మొదలెట్టింది.

నేను చూసే పద్ధతి చెప్తా. ఇంప్రెషన్స్ (వెతికినప్పుడు కనిపించిన సార్లు) ఎక్కువుండి క్లిక్స్ దాదాపు లేని పోస్టులు ఏరుతా. ఒక పోస్టు అలాగే దొరికింది, కుండీల్లో మొక్కలకి ఆకులు పసుపు రంగులోకి ఎందుకు తిరుగుతాయి అన్నదాని మీద బోలెడు రాశా, కానీ పేరు మాత్రం "పచ్చని దిగులు" అని పెట్టుకున్నా. కవిత్వం బాగానే ఉంది గానీ వెతికేవాడికి అది ఏంటో ఎలా తెలుస్తుంది? టైటిల్ లో ఆకులు, పసుపు, కారణం అన్న మాటలు పెట్టాక క్లిక్కులు వచ్చాయి. ఇంకోటి గమనించా, తెలుగులో వెతికేవాళ్ళ కంటే తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వచ్చేవాళ్ళు నాకు ఎక్కువ. లెక్క వెంటనే రాదు, కాస్త వెనకబడి ఉంటుంది, కంగారుపడొద్దు.

పిట్టగూడు:
తెలుగు అక్షరాలంటే గుర్తొచ్చింది, పోస్టు లింకు తెలుగులోనే ఉంటే రిపోర్టుల్లో అంతా పర్సెంట్ గుర్తులు అంకెలతో కొండవీటి చాంతాడంత లైన్లు కనిపిస్తాయి, ఏది ఏ పోస్టో అర్థం కాదు. దీనికి ఏమైనా ఉందా?

నిశాచరి:
ఒక్కో తెలుగు అక్షరం, గుణింతం గుర్తు కూడా, యూటీఎఫ్-8 (కంప్యూటర్ అక్షరాలు దాచుకునే పద్ధతి) లో మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకి మూడు క్యారెక్టర్లు, అంటే ఒక్కోదానికి తొమ్మిది. నాలుగు మాటల టైటిల్ చాలు వందలు దాటడానికి. కొత్త పోస్టులకి పబ్లిష్ చేసే ముందు పర్మాలింక్ (పోస్టు శాశ్వత లింకు) ని ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టుకోండి. పాతవాటి జోలికి వెళ్ళొద్దు, రీడైరెక్ట్ (పాత లింకు నుంచి కొత్తదానికి మళ్ళించడం) లేకుండా మారిస్తే బయటున్న లింకులన్నీ తెగుతాయి. రిపోర్టులో లింకు బదులు పేజ్ టైటిల్ వరస ఎంచుకుంటే చాలు, తెలుగులో చక్కగా కనిపిస్తుంది.

గడ్డిపువ్వు:
నాకూ ఒక ప్రశ్న. వాట్సాప్ లో పంచిన లింకుల నుంచి వచ్చేవాళ్ళంతా డైరెక్ట్ అని పడుతున్నారు. ఏ గ్రూపు నుంచి వచ్చారో ఎలా?

పాతకాపు:
యాప్ ల నుంచి వచ్చేటప్పుడు ఎక్కడి నుంచి అన్న సమాచారం చాలావరకు రాదు, అందుకే డైరెక్ట్ లో కలిసిపోతారు. వెబ్‌సైట్ల నుంచి వచ్చినా ఇప్పుడు బ్రౌజర్లు సైటు పేరు దాకానే పంపుతాయి, ఏ పేజీ అన్నది చెప్పవు, క్రోమ్ 2020లో అలా మార్చింది. లింకు చివర యూటీఎం సోర్స్ (?utm_source=) అని పెట్టి మీకు అర్థమయ్యే పేరొకటి తగిలించి పంచండి, ఒక్కో గ్రూపుకి ఒక్కో పేరు. ఎప్పుడూ ఒకేలా రాయండి, ఒకసారి పెద్దక్షరాలు ఒకసారి చిన్నవి పెడితే జీఏ4 వాటిని రెండుగా లెక్కేస్తుంది. బ్లాగు లోపల ఒక పోస్టు నుంచి ఇంకో పోస్టుకి ఇచ్చే లింకులకి మాత్రం యూటీఎం పెట్టొద్దు, వచ్చినవాడు అసలు ఎక్కడి నుంచి వచ్చాడన్నది గల్లంతవుతుంది.

రాతకోతలు:
నా రాత్రి పాఠకుడి సంగతి ఎవరూ చెప్పలేదు :(

కుకీలొద్దు:
కావాలనే చెప్పలేదు.

నిశాచరి:
నేను చెప్తా. మొదట, మనిషేనా? ఒక పేజీకీ ఇంకో పేజీకీ మధ్య ఎంత టైము ఉందో చూడండి. రెండు సెకన్లకో పేజీ చొప్పున బాణంలా పోతుంటే అది బాటు, దానికి కథలతో పనిలేదు. నిమిషాలు పట్టి, అదీ ఒక్కోదానికి ఒక్కోలా, పెద్ద కథకి ఎక్కువ చిన్నదానికి తక్కువ ఉంటే మనిషి.

రెండోది ఊరు. టూల్ చూపించే ఊరు ఐపీ అడ్రసుని బట్టి వేసే అంచనా. మొబైల్ నెట్ లో ఎంతోమంది ఒకే ఐపీ వెనక ఉంటారు, కంపెనీ ట్రాఫిక్ బయటికొచ్చే చోటే ఊరుగా కనిపిస్తుంది, మనిషి అక్కడికి బోలెడు దూరంలో ఉండొచ్చు. వీపీఎన్ (నెట్ ని వేరే చోటి సర్వర్ గుండా తిప్పేది) ఉంటే దేశమే మారిపోతుంది. ఐపీ పట్టుకుని ఫలానా మనిషి అని ఏ అనలిటిక్స్ టూలూ చెప్పదు, జీఏ4 అయితే ఐపీని అసలు నిల్వ చేసుకోదు.

రాతకోతలు:
చూశా. నాలుగు నిమిషాలు, తొమ్మిది నిమిషాలు, మళ్ళీ ఆరు, అలా ఉంది. మనిషే. ఒకళ్ళ మీద అనుమానం ఉంది, అందుకే అడిగా.

కుకీలొద్దు:
అనుమానం ఉన్నా చదవనివ్వండి సార్. పేరు చెప్పాలనుకుంటే కామెంట్ పెట్టేవాళ్ళు కదా. మీ కథలు తొమ్మిది నిమిషాలు కూర్చుని చదివే మనిషి దొరికితే పోలీసు పని మొదలెడతారా!

గడ్డిపువ్వు:
కామెంట్ బాక్స్ లో గూగుల్ అకౌంట్ లేకుండా, పేరు లేకుండా కూడా రాయొచ్చు అన్న ఆప్షన్ తెరిచి ఉంచండి, మోడరేషన్ పెట్టుకుంటే స్పామ్ ఇబ్బంది ఉండదు. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు.

రాతకోతలు:
అది మూసి ఉంది నిజమే, తెరిచా. అనలిటిక్స్ కూడా తీసేసి గోట్‌కౌంటర్, సెర్చ్ కన్సోల్ రెండే ఉంచుకుంటున్నా. ఆఖరి ప్రశ్న, నా విజిట్లు నేనే లెక్కలో పడకుండా ఎలా? అచ్చుతప్పులు చూసుకోడానికే నా పోస్టు నేను పదిసార్లు తెరుస్తా.

పాతకాపు:
గోట్‌కౌంటర్ లో మీ బ్లాగు అడ్రస్ చివర హ్యాష్ గుర్తు పెట్టి టాగుల్-గోట్‌కౌంటర్ (#toggle-goatcounter) అని ఇంగ్లీషులో కొట్టి తెరవండి, ఆ బ్రౌజర్ లో లెక్క ఆగుతుంది. ఫోన్ లో వేరేగా, కంప్యూటర్ లో వేరేగా చేయాలి. బ్లాగర్ స్టాట్స్ లో కూడా నా వ్యూస్ లెక్కపెట్టొద్దు అన్న ఆప్షన్ ఉంది, అది కుకీలో ఉంటుంది కాబట్టి బ్రౌజర్ శుభ్రం చేసిన ప్రతిసారీ మళ్ళీ పెట్టుకోవాలి.

తీరికలేదు:
జీఏ4 లో? నేను నా ఐపీ ఇచ్చి ఇంటర్నల్ ట్రాఫిక్ అని పెట్టా, అయినా పడుతున్నా.

పాతకాపు:
డేటా ఫిల్టర్స్ లో చూడండి, ఆ ఫిల్టర్ టెస్టింగ్ అన్న దశలోనే ఉండి ఉంటుంది, డిఫాల్ట్ అదే. యాక్టివ్ చేయండి. చేసిన దగ్గర్నుంచే పనిచేస్తుంది, అంతకుముందు పడ్డవి అలాగే ఉంటాయి. ఇంట్లో నెట్ ఐపీ మారుతుంటే మాత్రం మళ్ళీ మొదటికొస్తుంది, అప్పుడు మీ బ్రౌజర్ లో గూగుల్ వాళ్ళ ఆప్ట్-అవుట్ యాడ్-ఆన్ వేసుకోవడమే సులువు.

తీరికలేదు:
టెస్టింగ్ లోనే ఉంది. మార్చా.